అంచు లేని ఎనిమిది చీరలు

సోలాపూర్,
శ్రావణ శుక్రవారం.

చిరంజీవి తమ్ముడు నాగయ్యకు, నీ అన్న వెంకటయ్య నిండు మనసుతో ఆశీర్వదించి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేము రెండు పూటల రొట్టెతో బాగానే ఉన్నాం. నువ్వూ, మరదలు రాములమ్మా, చిన్నమ్మా అక్కడ బాగుంటే మాకు అంతకన్నా కావలసింది లేదు. చిన్నమ్మ మోకాళ్ల నొప్పి సంగతి నువ్వు రాయలేదు. ఈ వానలకు ఇంకా ఎక్కువైందేమోనని మీ వదిన రోజూ అడుగుతోంది. తప్పక రాయి.

నీ ఉత్తరం సోమవారం అందింది. "అన్నా, అంచు లేని చీరలు పనికిరాలేదని ఖాసిం సాబ్ మనిషి చెప్పిండు. ఇంక నాతోని కాదు. ఐజ నుంచి ఒకాయన మగ్గం అడుగుతున్నడు. దసరా లోపల ఇచ్చేస్త. మేము సోలాపూర్ వస్తం. మిల్లుల ఏదన్న పని చూడు" అని నాలుగు ముక్కల్లో ముగించావు. రెండు నెలల నీ రెక్కల కష్టం నా మాట వల్ల పాడైంది. ఒక్క తిట్టు రాయలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాడితో వాదించవచ్చు. వాదించడం నాకు చేతనైన పని. నువ్వు మాత్రం నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావు, నాకు వాదించే చోటే లేకుండా చేశావు.

కాబట్టి మొదట ఒక్కటే కోరతాను. ఈ ఉత్తరం చివరి దాకా చదివే వరకు ఐజ ఆయనకు మాట ఇవ్వకు.

మిల్లు పని సంగతి ముందు చెబుతాను. అదేమిటో తెలియక అడుగుతున్నావు. తెల్లవారకముందే భోంగా కూస్తుంది. మిల్లు కూతను ఇక్కడ అట్లా అంటారు. ఊరు ఊరంతా ఆ కూతకు లేచి, రొట్టె మూట కట్టుకొని, ఒకే దిక్కుకు నడుస్తుంది. పదహారేళ్లు నేనూ నడిచాను. లోపల నేత అనేది ఏమీ లేదు నాగయ్యా. నేసేది యంత్రం. మనం చేసేది తెగిన పోగు వెతికి ముడి వేయడం. దూదిపొట్టు గొంతులో దిగి, దగ్గితే తెల్లగా పడుతుంది. జీతాలు కోసినప్పుడు గేటు ముందు నిలబడి నాలుగు మాటలు మాట్లాడినందుకు నన్ను తీసేశారు, అది నీకు తెలుసు. తీసేయకపోయినా నా చేతులు అప్పటికే పోయాయి. మన నాయన నేర్పిన నేతను అవి మరిచిపోయాయి. దానికి సాక్ష్యం ఆ ఎనిమిది చీరలే.

ఇక్కడ ఎండ తగ్గలేదు. శ్రావణంలో కూడా మబ్బు కనిపిస్తుంది, వాన కనిపించదు. తిండికి లోటు లేదు. జొన్నరొట్టె మనదే, పల్లీల కారం వీళ్లది. మా చాళ్లో, అంటే మేముండే వరుస గదుల్లో, పన్నెండు గదులుంటే ఎనిమిది గదుల్లో తెలుగువాళ్లే. మాట్లాడుకోవడానికి మనుషులకు కొదవ లేదు. అయినా వాళ్లలో ఎవరూ నన్ను చిన్నప్పుడు ఎరిగినవాళ్లు కారు. నాకు వయసు నలభై ఏడు దాటింది. మీటింగుల్లో "వెంకటయ్య గారు మాట్లాడతారు" అంటే చప్పట్లు కొడతారు, తరువాత ఎవరి గదికి వాళ్లు పోతారు.

అందుకే కదా ఆ మగ్గాల ఆలోచన పుట్టింది. సంగతి నీకు తెలిసినా మొదటి నుంచి రాస్తాను. రాస్తేనే తప్పు ఎక్కడ జరిగిందో నాకు కూడా తెలుస్తుంది.

ఖాసిం సాబ్ అమరచింత మనిషి. ముప్పై ఏళ్ల కింద ఒక బట్టల మూటతో ఈ ఊరికి వచ్చాడు. ఇప్పుడు బజారులో ఆయనకు మంచి దుకాణం. నన్ను మిల్లువాళ్లు తీసేసిన తరువాత పిలిచి దుకాణంలో భాగం ఇచ్చాడు. పోయిన ఏడాది మేమిద్దరం అనుకున్నాం: ఈ ఊళ్లో దాచుకున్నది ఈ ఊళ్లోనే ఎందుకు పెట్టాలి? గద్వాలలో ఎనిమిది మగ్గాలు వేయిద్దాం. నాగయ్య చూసుకుంటాడు. పట్టు ఇక్కడి నుంచి పంపుదాం, చీర అక్కడ నేయిద్దాం, ఇక్కడ అమ్ముదాం. నేసేవాడు ఊరు విడవకుండా బతుకుతాడు, అమ్మేవాడికి సరుకు దొరుకుతుంది. కొన్నాళ్లకు నేను కూడా ఇంటికి వచ్చేయవచ్చు. ఈ చివరి మాట నేను ఖాసిం సాబ్‌తో అనలేదు. నీతో కూడా అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

మొదట నీ ఒక్క మగ్గం మీదనే చూద్దామని రెండు చీరలే కదా నేశావు. అప్పుడే సంగతి బయటపడింది. ఇక్కడ ఇంగ్లీషువాళ్ల సర్కారు, అక్కడ సంస్థానం సర్కారు. ఇక్కడ కొన్న పట్టు సరిహద్దులోని నాకా, అంటే సుంకం చౌకీ, దాటి లోపలికి పోయేటప్పుడు సుంకం. అదే పట్టు చీర అంచు అయి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ సుంకం. ఖాసిం సాబ్ ఆ రసీదులు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "ఒక్క కోడిని రెండు సార్లు హలాల్ చేస్తరా భాయ్? నేను గిట్లాంటిది ఎక్కడ చూడలే" అన్నాడు.

అంతటితో అయిపోలేదు. అక్కడ మగ్గాల మీద, వర్తకం మీద పన్ను కడతాం కదా, మిగిలిన లాభం ఇక్కడికి తెస్తే ఏమవుతుందని అడగడానికి ఇద్దరం ఆదాయపు పన్ను కచేరీకి వెళ్లాం. నువ్వు పంపిన మగ్గం పన్ను రసీదు జేబులో పెట్టుకొని మరీ వెళ్లాను. అక్కడి గుమాస్తా మరాఠీ ఆయన. రసీదు మీద ఉర్దూ చూసి, తిప్పి చూసి, మళ్లీ తిప్పి చూసి, "ఇది ఏ సర్కారుది?" అన్నాడు.

"మా ఊరి సర్కారుది" అన్నాను.

"అయితే మీ ఊళ్లోనే చూపించుకోండి. ఇక్కడికి వచ్చిన ఆదాయం ఇక్కడి ఆదాయమే."

"అక్కడ ఒకసారి కట్టిన సొమ్మే కదండీ ఇది! దాని మీద ఇంకోసారి ఎట్లా తీసుకుంటారు?"

నా గొంతు లేచింది కాబోలు, ఖాసిం సాబ్ నా చొక్కా చెయ్యి పట్టి లాగాడు. "జర నిమ్మళంగ భాయ్. ఆయన నౌకరు, సర్కారు కాదు."

గుమాస్తా చెడ్డవాడు కాదు. కళ్లద్దాలు తుడుచుకొని మెల్లగా చెప్పాడు. "విలాయతులో పన్ను కట్టిన వాళ్లకైతే ఇక్కడ తగ్గింపు ఇచ్చే పద్ధతి ఉంది. అటు సర్కారూ ఇటు సర్కారూ కూర్చొని ఒప్పుకున్నారు. మీ రసీదుకు అటువంటి ఒప్పందం నా దగ్గర లేదు. ఉంటే ఇవ్వనా?"

ఆ మాట విన్న దగ్గర నుంచి నాకు నెమ్మది లేదు తమ్ముడూ. సముద్రాలు దాటి వచ్చే డబ్బుకు దారి వేశారు. ఆ డబ్బు తెచ్చేవాడు అక్కడ కట్టింది ఇక్కడ లెక్కకు వస్తుంది. అందుకే వాడు ధైర్యంగా ఇక్కడ మిల్లు పెడతాడు, తోట పెడతాడు. రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి చేరే రాయచూరు, అక్కడి నుంచి గద్వాల, ఆ దారిలో పోయే డబ్బుకు మాత్రం అడుగడుగునా ముల్లు. ఎందుకు? విలాయతు నుంచి వచ్చి డబ్బు పెట్టేవాడికి అక్కడ ఓటు ఉంది. వాడి తరఫున సభలో లేచి "ఇదేం అన్యాయం?" అని అడిగే మనిషి ఉన్నాడు. నా వైపు చూడు. మొన్న ఓట్లు వేసి బొంబాయిలో మంత్రులను నిలబెట్టామని డప్పులు కొట్టుకున్నాం. ఆదాయపు పన్ను వాళ్ల చేతిలో లేదు, సరిహద్దు సుంకమూ లేదు. నీ వైపు ఆ సగం ఓటు కూడా లేదు. అడిగే నోరు లేని చోట ఒప్పందం ఎవరు చేస్తారు, ఎవరి కోసం చేస్తారు?

నేను పన్నే వద్దనే మూర్ఖుణ్ణి కాను. ఖాసిం సాబ్ ఒకనాడు నన్ను నిలదీశాడు. "పన్ను లేకుంటే సడక్ ఎట్ల పడుతది, దవాఖాన ఎట్ల నడుస్తది? నీ లెక్చర్ల పైసలతోనా?" అని. నేను చెప్పింది ఇదే: కడతాను. ఒక్కసారి కడతాను. రెండు సర్కార్లూ ఎవరి వాటా ఎంతో తేల్చుకొని, రెండో వాడు మొదటి వాడి రసీదును నమ్మితే చాలు. అప్పుడు నా బోటి వాళ్లు వందమంది ఈ సోలాపూర్‌లో దాచుకున్నది మూటగట్టి పాలమూరుకు తెస్తారు. గద్వాలలో, వనపర్తిలో మగ్గాలు పెరుగుతాయి. పెరిగిన మగ్గాల మీద సర్కార్లకే పన్ను పెరుగుతుంది కదయ్యా! రెండు సార్లు పీల్చబోయి ఒక్కసారి కూడా దక్కకుండా చేసుకుంటున్నారు. ఖాసిం సాబ్ అంతా విని, "మాట బాగున్నది. గాని విన్నదెవరు? నేనొక్కణ్ణి. నాకు ముందే తెల్సు" అన్నాడు.

ఆ కోపంలోనే నీకు ఆ ఉత్తరం రాశాను. పట్టు దాటితేనే కదా సుంకం, అసలు పట్టునే దాటనీయవద్దు అనుకున్నాను. నూలు చీర మధ్య భాగం మాత్రమే నేయి, రెండు పక్కలా అడ్డంగా నడిచే పేక దారాన్ని చిన్న ఉంగరాల్లా వదిలెయ్యి, అవి జారకుండా లావు దారం గుచ్చి పంపు, పట్టు అంచు ఇక్కడ నేను కలిపిస్తాను అని. ఎంత తెలివి అనుకున్నాను! రెండు సర్కార్లనూ ఒక్క దెబ్బకు ఓడించాననుకున్నాను.

నువ్వు అదే చేశావు. మొదటి పోగు దగ్గరే మరదలు నవ్విందని ఖాసిం సాబ్ మనిషి వచ్చి చెప్పాడు. "అంచు లేకుంట చీరేంది? గోడ లేకుంట కప్పు ఏస్తమా?" అన్నదట. నువ్వు తలెత్తకుండా, "అన్న చెప్పిండు" అన్నావట. ఆ ఒక్క మాటతో రెండు నెలలు ఎనిమిది చీరలు నేశారు ఇద్దరూ.

అవి వచ్చిన రోజు మా గదిలో పండగ. పక్క గది మల్లయ్య మంచి నేతగాడని పిలిచి, పట్టు పోగులు ముందు పెట్టి, మొదటి చీరలో లావు దారం లాగాను. ఉంగరాలు నా కళ్ల ముందే నత్త కొమ్ముల్లా బట్టలోకి ముడుచుకుపోయాయి. రెండోదానికి దారం లాగకుండా సూదితో ప్రయత్నించాం. నాలుగు వేళ్ల మేర అంచు పట్టింది, నీళ్లు చల్లి గుంజగానే ఉబ్బి, ముడతలు పడి, పాత గోనె మూతిలా అయింది. మల్లయ్య చేతులు కడుక్కొని, "అన్నా, నువ్వు నేతోళ్ల ఇంట్లనే పుట్టినవా?" అన్నాడు. నేను పట్టు పోగులు ఏరుకొని మళ్లీ చుట్టాను.

అంచు, మధ్య భాగం ఒకే మగ్గం మీద, ఒకే పోటుకు పుట్టాలి. ఇది మన ఇంట్లో ఏడేళ్ల పిల్లకు తెలుసు. పేకను అటూ ఇటూ నడిపే మధ్య నాడె నీ చేతిలో, పక్క నాడె రాములమ్మ చేతిలో. నూలు పేక అంచు దాకా వచ్చి, పట్టు పేకను ఒక్కసారి మెలివేసి, వెనక్కు మళ్లుతుంది. పట్టు కూడా అంతే, నూలును పట్టుకొని తన వైపుకు మళ్లుతుంది. ఏదీ రెండో దాని మీదుగా పోదు, ఏదీ రెండో దాన్ని వదలదు. చిన్నప్పుడు అమ్మ పక్క నాడె వేస్తుంటే నేను ఎదురుగా కూర్చొని ఎన్ని గంటలు చూశానో! ఇదే ముక్క నేను ఇరుపక్కల సర్కార్లకూ పంపిన అర్జీలో రాశాను. అయ్యా, పన్ను కూడా ఇట్లా నేయండి, ఎవరి మేరకు వాళ్లు తీసుకొని, గీత దగ్గర ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని మళ్లండి అని. ఖాసిం సాబ్ ఉర్దూలో ఒక నకలు రాసిపెట్టాడు. ఇటువైపు నుంచి, ఈ సంగతి మా పరిధిలోది కాదు అని జవాబు వచ్చింది. అటువైపు నుంచి ఏమీ రాలేదు. అర్జీ బాగానే రాశాను. చీర సంగతి అర్జీలో అంత బాగా రాసినవాడు, నీకు ఆ హుకుం ఎట్లా పంపాడో నాకే అర్థం కాదు.

అర్థం చేయించింది మీ వదిన. నీ ఉత్తరం మూడోసారి చదివించుకొని, బీడీలు చుట్టడం ఆపి, చాట పక్కకు పెట్టింది. నేను మళ్లీ సర్కార్లను తిట్టడం మొదలుపెట్టాను. జనాన్ని అడగకుండా హుకుంలు వేసే పాలకులు, అంటూ. అది నా మొహం వైపు చూసి, "ఏందయ్యా, ఊరోళ్లందరి ముంగట జనం మాట వినాలె, జనం మాట వినాలె అని మొత్తుకుంటవు. మీ తమ్ముని మాట ఎన్నడన్న విన్నవా? గిట్ల నేస్తే అయితదా నాగయ్యా అని ఒక్క తాప అడిగినవా?" అన్నది.

"వాడు కాదని రాయవచ్చు కదా" అన్నాను.

"నీకు కాదని రాసెటంత ధైర్యం ఆయనకు ఎవలిచ్చిన్రు?"

నాకు కోపం వచ్చింది, దాచను. బయటికి వెళ్లి చాళ్లో నల్లా దగ్గర నిలబడ్డాను. నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు తప్పుకొని దారి ఇచ్చారు, పెద్దమనిషి అని. ఆ దారి ఇవ్వడం చూస్తే సిగ్గేసింది. నాయన పోయిన నాటి నుంచి నేను నీకు రాసినవన్నీ హుకుంలే. పెళ్లి ఎప్పుడు చేసుకోవాలో, ఏ షావుకారు దగ్గర నూలు తేవాలో, ఏ చీర నేయాలో. నువ్వు ఒక్కసారి కూడా కాదనలేదు. నేను దాన్ని ప్రేమ అనుకున్నాను. ప్రేమ ఉందేమో కూడా. కాని నీకు తెలిసిన పనిలో, నాకు తెలియని పనిలో, నువ్వు నోరు మూసుకొని రెండు నెలలు నేశావంటే మన ఇంట్లో కూడా ఓటు లేదన్నమాట.

ఇక ఇప్పటి పరిస్థితి. ఖాసిం సాబ్ మగ్గాల ఆలోచన నుంచి తప్పుకున్నాడు. మర్యాదగానే చెప్పాడు. "నాకు గద్వాల మీద ప్రేమ లేకనా భాయ్? అమరచింతల మా అబ్బా గోరి ఉన్నది. కాని రెండు దిక్కుల పన్ను కట్టి ధంధా చేస్తే పరేషాన్ తప్ప మిగిలేదేంది? ఆ ఒప్పందం అయిన రోజు నన్ను లేపు, లుంగీ మీదనే రైలెక్కుత" అన్నాడు. ఆయన లేకుండా నా ఒక్కడి దానితో ఎనిమిది మగ్గాలు కావు. ఒక్క మగ్గానికి కూడా అదే సుంకం, అదే పన్ను. దుకాణంలో నా భాగం తీసుకొని వచ్చేస్తే, అక్కడ నేసిన దాన్ని అమ్మేది మళ్లీ ఈ నాకా దాటే కదా. ఎటు తిరిగినా ఆ నాకా దగ్గరే తేలుతున్నాను.

ఆ ఎనిమిది చీరల్లో రెండు పాడు చేశాం, ఆరు గుడ్డలు బాగున్నాయి. వెనక్కు పంపితే నువ్వు విప్పి నూలైనా వాడుకుంటావని నాకాలో అడిగించాను. లోపలికి వచ్చే బట్టే కనుక సుంకం కట్టాలన్నారు. నీ మగ్గం మీద పుట్టిన బట్ట నీ ఇంటికి తిరిగి రావడానికి! ఇక్కడ అమ్ముదామంటే అంచు లేని చీర ఎవరు కొంటారు? అవి నా మంచం కింద మడతపెట్టి ఉన్నాయి. ముందుకు పోవు, వెనక్కు పోవు. ఒక్కోసారి కూర్చొని వాటిని చూస్తుంటే, మీ వదిన "నీ జోడు దొరికినయి" అని ఎగతాళి చేస్తుంది.

మీరు సోలాపూర్ వస్తే ఈ చిక్కులన్నీ తీరతాయి, అబద్ధం చెప్పను. ఒకే సర్కారు, ఒకే పన్ను, నెలకు ఒక జీతం. నీకు పని చూడగలను. మిల్లు మేస్త్రీతో మాట్లాడతానని మల్లయ్య అన్నాడు. నేతగాడు నేత మానేస్తేనే ఈ రెండు సర్కార్లూ వాడిని వదిలిపెడతాయి, అదే నా మంట. ఇక్కడ రాములమ్మకు పక్క నాడె ఉండదు. బీడీల చాట ఉంటుంది.

నేను దసరాకు వస్తున్నాను. ఆ గుడ్డల్లో ఒకటి పంచెగా కట్టుకొని వస్తాను, మీ వదిన ఒకటి చుట్టుకొని వస్తుంది. కట్టుకున్న బట్టకు సుంకం లేదట. నాలుగు ఇక్కడే ఉంటాయి. పుంటికూర తొక్కు కొద్దిగా పెట్టి ఉంచమని మరదలికి చెప్పు, మీ వదిన నోరు చచ్చిపోయిందంటోంది. ఆనాడు నవ్విన దానికి క్షమాపణ అడగాలేమోనని మరదలు భయపడుతోందని ఖాసిం సాబ్ మనిషి చెప్పాడు. నవ్వు సరైనదేనని నేను రాశానని చదివి వినిపించు.

ఇక అసలు మాట. పోయిన పడుగు దింపినప్పుడు మగ్గం మీది దువ్వెన లాంటి అచ్చులో పాత పోగుల కొసలు వదిలే ఉంటావు, వాటికే కొత్త పడుగు అతుకుతావు కనుక. మగ్గం అమ్మితే ఐజ ఆయన వాటిని తెంపేస్తాడు. నాయన నాటి నుంచి ఒక పడుగుకు ఒక పడుగు అతుకుతూ వచ్చిన కొసలు అవి. "నేను వచ్చే దాకా తెంపవద్దు" అని ఇక్కడ రాసి, కొట్టేశాను. కొట్టేసిన గీత నీకు కనిపిస్తూనే ఉంటుంది. అది మళ్లీ హుకుమే అవుతుంది. సర్కార్లు ఒప్పందానికి వస్తాయని నీకు మాట ఇవ్వలేను. దసరాకు నా దగ్గర ఇప్పటికన్నా మంచి జవాబు ఉంటుందని కూడా చెప్పలేను. అందుకని అడుగుతున్నాను నాగయ్యా. ఆ కొసలను ఉంచుదామా, వద్దా? రాములమ్మను కూడా అడిగి, ఇద్దరూ ఏమంటే అది రాయండి. వద్దంటే వద్దని రాయి. నేను వాదించను.

చిన్నమ్మ పాదాలకు నా దండాలు. ఆమె దీవెన మా ఇద్దరి మీదా ఉండాలని అడిగానని చెప్పు. వాడకట్టులో పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారాలు.

నీ నోట మొదటిసారి "కాదు" అనే మాట వచ్చినా సరే, దాని కోసమే పోస్టు మనిషి దారి చూస్తూ,

నీ అన్న
వెంకటయ్య